టాంజానియాలో వాలంటీర్‌గా మొదటి మూడు నెలలు: హైదరాబాద్ నుంచి వెళ్లేవాళ్లకు సమగ్ర మార్గదర్శి

తూర్పు ఆఫ్రికాకు వాలంటీర్‌గా వెళ్తున్నామని చెప్పగానే మన దగ్గర రెండు రకాల మాటలు వినిపిస్తాయి. ఒకటి భయం: జబ్బులు, దొంగలు, అడవి జంతువులు. రెండోది ధీమా: "మనకు ఎండలు కొత్తా, దోమలు కొత్తా, కరెంటు పోవడం కొత్తా?" ఎక్కువ నష్టం చేసేది ఈ రెండోదే. భయపడినవాళ్లు నాలుగు విషయాలు అడిగి తెలుసుకుంటారు. అంతా మనకు తెలిసినట్టే ఉంటుందనుకున్నవాళ్లు అడగరు. టాంజానియా చాలా విషయాల్లో మనలాగే ఉంటుంది, బండ్లు రోడ్డుకు ఎడమ పక్కనే నడుస్తాయి, ఆటోను అక్కడ 'బజాజీ' అంటారు, చాయ్‌ని 'చాయ్' అనే అంటారు. తేడాలు ఈ పోలికల వెనకే దాక్కుని ఉంటాయి. అక్కడ పనిచేసి వచ్చిన మనిషిగా ఆ తేడాల గురించే ఇక్కడ ఎక్కువగా రాస్తున్నాను. కెన్యా, ఉగాండా వెళ్లేవాళ్లకూ ఇందులో చాలావరకు పనికొస్తుంది.

ఏ సంస్థ ద్వారా వెళ్లాలన్నది ఇంకా తేల్చుకోకపోతే ఒక్క మాట. ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల కార్యక్రమం 1970లో ఏర్పడింది, జర్మనీలోని బాన్ నుంచి నడుస్తుంది. 18 నుంచి 26 ఏళ్లవాళ్లకు ఒక విభాగం, 27 దాటి అనుభవం ఉన్నవాళ్లకు వేరే విభాగం ఉన్నాయి. దరఖాస్తుకు ఒక్క రూపాయి కూడా తీసుకోరు, పైగా నెలనెలా బతకడానికి సరిపడా భత్యం ఇస్తారు. మీ దగ్గరే డబ్బు కట్టించుకుని పంపుతామనేవాళ్ల విషయంలో రెండుసార్లు ఆలోచించండి.

1. బయల్దేరడానికి రెండు నెలల ముందు

టీకాలతో మొదలుపెట్టండి. ఎల్లో ఫీవర్ టీకా మామూలు క్లినిక్‌లలో వేయరు, ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేయించుకోవాలి. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ అలాంటి కేంద్రం. టీకా వేసిన పదో రోజు నుంచే ఆ పసుపు రంగు కార్డు చెల్లుబాటు అవుతుంది కాబట్టి చివరి వారానికి పెట్టుకోకండి. 2016 నుంచి ఒక్క డోసు జీవితాంతానికి సరిపోతుంది. కార్డు మీద పేరు, పాస్‌పోర్టు నంబరు అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో అక్కడే నిలబడి చూసుకోండి.

"నేను వెళ్లేది టాంజానియా కదా, నాకెందుకు?" అనే సందేహం రావచ్చు. మీ ప్రయాణం నైరోబీ మీదుగానో అడిస్ అబాబా మీదుగానో ఉండొచ్చు. పని మీద పక్క దేశానికి వెళ్లాల్సి రావచ్చు. కెన్యా, ఉగాండా లాంటి దేశాల్లో ఉండి వచ్చినవాళ్ల దగ్గర ఈ కార్డు లేకపోతే మన ఎయిర్‌పోర్టులోనే ఆపి ఆరు రోజుల వరకు విడిగా ఉంచే అధికారం మన ఆరోగ్య శాఖకు ఉంది.

టైఫాయిడ్, హెపటైటిస్ ఎ, టెటనస్ టీకాల గురించి డాక్టర్‌ను అడగండి. పల్లెల్లో పని అయితే రేబిస్ టీకా కూడా ముందే వేయించుకోవడం మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే కుక్క కరిచాక పెద్దాసుపత్రికి చేరడానికే ఒక రోజు పట్టే ఊళ్లు ఉన్నాయి. టీకా వేయించుకున్నా సరే, కరిస్తే ముందు 15 నిమిషాల పాటు సబ్బూ నీళ్లతో కడగాలి, ఆ తర్వాత ఆసుపత్రికి వెళ్లాలి.

పళ్ల డాక్టర్‌కు ఒకసారి చూపించుకోండి. కళ్లద్దాలు రెండు జతలు తీసుకోండి. రోజూ వేసుకునే మందులుంటే కనీసం మూడు నెలలకు సరిపడా, ప్రిస్క్రిప్షన్‌తో సహా పెట్టుకోండి. అందులో బ్రాండ్ పేరు మాత్రమే ఉంటే పనికిరాదు, మందు అసలు పేరు రాయించుకోండి.

బ్యాంకు సంగతి చాలామంది మర్చిపోతారు. ఓటీపీ వచ్చే సిమ్ అక్కడ పనిచేయకపోతే మీ ఖాతా మీకే అందదు. రోమింగ్ ఆన్ చేయించి, ఆ సిమ్‌కు రీచార్జి ఆగకుండా చూసే బాధ్యత ఇంట్లో ఒకరికి అప్పగించండి.

2. సూట్‌కేసులో ఏం పెట్టాలి

మనవాళ్లు సగం పెట్టెను సరుకులతో నింపుతారు. అంత అవసరం లేదు, వంట దగ్గరికి వచ్చినప్పుడు ఎందుకో చెప్తాను. చిన్న కుక్కర్, ఇంగువ, ఆవాలు, ఇంట్లో కొట్టించిన కారం, ఒకటి రెండు పొడులు చాలు. పచ్చళ్లు తీసుకెళ్తే గట్టిగా మూత పడే సీసాలో పెట్టి చెకిన్ బ్యాగులోనే వేయండి. పొడులను ప్లాస్టిక్ కవర్ మీద కవర్ చుట్టే అలవాటు మానుకోండి. కెన్యా 2017 ఆగస్టులో, టాంజానియా 2019 జూన్‌లో ప్లాస్టిక్ క్యారీబ్యాగులను నిషేధించాయి, ఎయిర్‌పోర్టులోనే తీయించేస్తారు. స్టీలు డబ్బాలు, గుడ్డ సంచులు వాడండి.

ప్లగ్గు ఎక్కువగా ఇంగ్లండు తరహాలో మూడు చదరపు పిన్నులది. కరెంటు మనలాగే 230 వోల్టులు కాబట్టి అడాప్టర్ ఉంటే చాలు.

స్వెట్టర్ తప్పకుండా పెట్టుకోండి. ఆఫ్రికాలో స్వెట్టరా అని ఇంట్లోవాళ్లు ఆశ్చర్యపోతారు. టాంజానియా భూమధ్యరేఖకు దక్షిణాన ఉంది కాబట్టి అక్కడ జూన్ నుంచి ఆగస్టు వరకు చల్లటి కాలం. అరూషా, ఎంబేయా లాంటి ఎత్తైన ఊళ్లలో ఆ నెలల్లో రాత్రిపూట రగ్గు కప్పుకోకుండా పడుకోలేరు. సముద్రం ఒడ్డున ఉన్న దార్ ఎస్ సలామ్‌ది వేరే సమస్య. మన మే నెల ఎండ పొడి ఎండ, చెమట ఆరిపోతుంది. అక్కడ గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. 43 డిగ్రీలు చూసినవాళ్లం, 32 డిగ్రీలు ఏం చేస్తాయి అనుకుంటే మధ్యాహ్నానికే నీరసపడతారు. పలుచటి నూలు బట్టలు వేసుకుని, దాహం వేసే వరకు ఆగకుండా నీళ్లు తాగుతుండండి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు దగ్గర ఉంచుకోండి. మొదటి రెండు వారాలు బరువు పనులు ఉదయమే ముగించండి.

3. దిగిన మొదటి వారం

మొదటి పని సిమ్. పాస్‌పోర్టు చూపించి, వేలిముద్ర ఇచ్చి తీసుకోవాలి. రోడ్డు పక్కన ఎవరో రిజిస్టర్ చేసి అమ్మే సిమ్ కొనకండి. ఆ నంబరు మీదే మొబైల్ మనీ ఖాతా తెరవండి. అక్కడ మన యూపీఐ నడవదు. ఎంపెసా లాంటి సేవలు బ్యాంకు ఖాతా లేకుండానే ఫోన్ నంబరు మీద పనిచేస్తాయి. 'వకాలా' అని బోర్డు ఉన్న చిన్న కొట్టులో నగదు ఇస్తే ఫోన్‌లో పడుతుంది, ఫోన్‌లోంచి పంపితే చేతికి నగదు ఇస్తారు. కిరాయి, కరెంటు, కూరగాయలు అన్నీ దానితోనే నడుస్తాయి. పిన్ నంబరు ఎవరికీ చెప్పకండి, పొరపాటున డబ్బు పంపాం వెనక్కి ఇవ్వండి అనే ఫోన్లు నమ్మకండి. ఆ మోసం మన దగ్గరా ఉన్నదే.

రెండో పని, దార్ ఎస్ సలామ్‌లోని భారత హైకమిషన్ దగ్గర పేరు నమోదు చేసుకోవడం. కామన్‌వెల్త్ దేశం కాబట్టి అక్కడ మన రాయబార కార్యాలయాన్ని హైకమిషన్ అంటారు. మన విదేశాంగ శాఖ 'మదద్' పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే నమోదు చేసుకోవచ్చు.

మూడోది గడియారం. స్వాహిలీలో గంటల లెక్క సూర్యోదయం నుంచి మొదలవుతుంది. మనం ఉదయం ఏడు అనేది వాళ్లకు 'సా మోజా', అంటే ఒంటిగంట. మన పది గంటలు వాళ్లకు 'సా న్నే', నాలుగు. మన మధ్యాహ్నం పన్నెండు వాళ్లకు ఆరు. ఇంగ్లిష్‌లో మాట్లాడేటప్పుడు మాత్రం మామూలు లెక్కే వాడతారు. కాబట్టి ఎవరైనా రేపు నాలుగు గంటలకు రమ్మంటే, ఉదయమా సాయంత్రమా, ఏ లెక్కలో అని అడగండి. స్వాహిలీ గంటకు ఆరు కలిపితే మన గంట వస్తుంది. బస్సు టికెట్ కొనేటప్పుడు ఇది గుర్తుండకపోతే బస్సు పోతుంది.

4. మలేరియా

అన్నిటికంటే పెద్ద విషయం ఇదే, కాబట్టి కాస్త ఓపికగా చదవండి. దోమ కడుపులో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే, 1897 ఆగస్టు 20న. బేగంపేటలో ఆయన పనిచేసిన భవనం ఇంకా ఉంది. అలాంటి ఊరి నుంచి వెళ్లి కూడా చాలామంది మలేరియాను చిన్నదిగా చూస్తారు. చిన్నప్పటి నుంచి దోమల మధ్యే పెరిగాం కాబట్టి ఏమీ కాదన్నది తప్పు. మలేరియాను తట్టుకునే శక్తి పదే పదే ఆ జబ్బు వచ్చే చోట ఉంటేనే కొంత వస్తుంది, అక్కడి నుంచి దూరమైతే తగ్గిపోతుంది. ఇప్పటి హైదరాబాద్‌లో పెరిగినవాళ్లకు అది లేనట్టే. పైగా మన దేశంలో వైవాక్స్ రకం కూడా బాగానే కనిపిస్తుంది, అక్కడ దాదాపు అంతా ఫాల్సిపారం. మెదడుకు, కిడ్నీలకు పాకి, వైద్యం ఆలస్యమైతే రోజుల్లోనే ప్రాణం తీయగల రకం అది.

రాకుండా వాడే మాత్రల గురించి బయల్దేరక ముందే డాక్టర్‌తో మాట్లాడండి. డాక్సీసైక్లిన్ అయితే ప్రయాణానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి రోజూ వేసుకోవాలి, తిరిగొచ్చాక కూడా నాలుగు వారాలు కొనసాగించాలి. దీనితో ఎండకు చర్మం త్వరగా కందుతుంది. కడుపు నిండా తిని, బాగా నీళ్లు తాగి వేసుకోవాలి, వేసుకున్న వెంటనే పడుకోకూడదు. అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ కూడా రోజూ వేసుకునేదే, తిరిగొచ్చాక ఏడు రోజులు చాలు, కానీ ఖరీదు ఎక్కువ. మెఫ్లోక్విన్ వారానికి ఒకటి. డిప్రెషన్, తీవ్రమైన ఆందోళన లాంటివి ఎప్పుడైనా ఉన్నవాళ్లు దాన్ని వాడకూడదు, ఆ సంగతి డాక్టర్ దగ్గర దాచకండి.

మలేరియా దోమ పొద్దుగూకిన దగ్గర నుంచి తెల్లారే వరకు కుడుతుంది. సాయంత్రం ఆరయ్యేసరికి నిండు చేతుల చొక్కా, ప్యాంటు వేసుకుని, పాదాలకు కూడా దోమల క్రీమ్ రాసుకోండి. మందు పట్టించిన దోమతెర కట్టుకుని, అంచులను పరుపు కింద దోపుకుని పడుకోండి. కాయిల్ వెలిగించి తెర లేకుండా పడుకోవడం సరిపోదు. డెంగీ దోమ పగలు కుడుతుంది, కాబట్టి పగలు కూడా క్రీమ్ మానొద్దు.

ఇంత చేసినా జ్వరం రావచ్చు. ఇంట్లో మనకున్న అలవాటు ఒక పారాసెటమాల్ వేసుకుని రెండు రోజులు చూడటం. అక్కడ ఆ అలవాటు ప్రాణం మీదికి తెస్తుంది. జ్వరం వస్తే అదే రోజు రక్త పరీక్ష చేయించుకోవాలి, రాత్రి అయినా సరే. వేలి చుక్కతో చేసే కిట్ పరీక్ష చిన్న క్లినిక్‌లలో కూడా ఉంటుంది, 20 నిమిషాల్లోపు తేలిపోతుంది. నెగటివ్ వచ్చి జ్వరం తగ్గకపోతే మర్నాడు మళ్లీ చేయించండి. మీ ఊళ్లో ఏ క్లినిక్‌కు వెళ్లాలి, అర్ధరాత్రి బండి ఎవరిని అడగాలి అన్నది ఆరోగ్యంగా ఉన్న మొదటి వారంలోనే తెలుసుకుని గోడ మీద రాసి పెట్టుకోండి.

5. ఇల్లు, నీళ్లు, బట్టలు

కిరాయి నెలనెలా కాకుండా చాలా చోట్ల కొన్ని నెలలది ఒకేసారి అడుగుతారు. ఇల్లు చూసేటప్పుడు కిటికీలకు జాలీ ఉందా, నీళ్ల ట్యాంకు ఉందా, తలుపులకు గ్రిల్ ఉందా చూడండి. కరెంటుకు ముందే డబ్బు కట్టాలి. దాన్ని 'లుకు' అంటారు. ఫోన్‌లో డబ్బు కడితే 20 అంకెల నంబరు వస్తుంది, దాన్ని మీటరులో కొట్టాలి. అర్ధరాత్రి యూనిట్లు అయిపోకముందే చూసుకోండి.

నీళ్లు తెర్లే దాకా కాచి, చల్లార్చి తాగండి. పళ్లు తోముకోవడానికి కూడా అవే వాడండి.

మనకు అసలు తెలియని రెండు సంగతులు చెప్తాను. ఆరుబయట తడి బట్టల మీద మ్యాంగో ఫ్లై అనే ఒక రకం ఈగ గుడ్లు పెడుతుంది. ఆ బట్టలు వేసుకుంటే పురుగులు చర్మంలోకి దూరి గడ్డలు లేస్తాయి. లోదుస్తులు, తువ్వాళ్లతో సహా అన్నిటినీ రెండు వైపులా, కుట్ల మీద కూడా వేడిగా ఇస్త్రీ చేయాలి, లేదా ఇంట్లోపలే ఆరేసుకోవాలి. అక్కడివాళ్లు ప్రతి గుడ్డనూ ఇస్త్రీ చేయడానికి ఇది కూడా ఒక కారణం.

రెండోది చెరువులు, సరస్సులు. విక్టోరియా సరస్సులోనూ, చాలా మంచినీటి చెరువుల్లోనూ బిల్హార్జియా అనే జబ్బును తెచ్చే క్రిములు ఉంటాయి. ఒక రకం నత్తల నుంచి బయటికొచ్చి, నీళ్లలో నిలబడ్డ మనిషి చర్మంలోంచి నేరుగా లోపలికి వెళ్తాయి. ఈత కొట్టనక్కర్లేదు, మోకాళ్ల లోతు దిగినా చాలు. పిల్లలు ఆడుకుంటున్నారు కదా అని దిగకండి, ఆ పిల్లల్లో కూడా చాలామందికి ఆ జబ్బు ఉంటుంది. సముద్రంలో ఈ భయం లేదు.

6. వంటింటి సంగతి

ఇక్కడ మీకు మంచి వార్త ఉంది. మనం తినే కందిపప్పులో కొంత భాగం టాంజానియాలో పండిందే, అక్కడి నుంచి మన దేశానికి ఓడల్లో వస్తుంది. కందులను అక్కడ 'ఎంబాజీ' అంటారు. తీరప్రాంతంలో కొబ్బరిపాలు పోసి వండి పొద్దున టిఫినుగా తింటారు. పెసలు 'చోరోకో', తోటకూర 'ఎంచీచా', బెండకాయ 'బామియా', చింతపండు 'ఉక్వాజు', మిరప 'పిలిపిలి', కొబ్బరి 'నాజీ'. ఈ పేర్లు వస్తే సంతలో సగం పని అయిపోయినట్టే. పప్పు, తోటకూర వేపుడు, బెండకాయ పులుసు అన్నీ అక్కడి సరుకులతోనే చేసుకోవచ్చు. కొట్టులో బియ్యం అడిగితే 'ఎంచేలే' అనాలి, వండిన అన్నం 'వాలి'. క్యేలా ప్రాంతపు బియ్యం మంచి వాసనగా ఉంటాయి, సోనా మసూరిలా పొడిపొడిగా రావు, కాబట్టి నీళ్లు కాస్త తగ్గించి పెట్టండి. పెరుగు బదులు 'ఎంతిందీ' అనే పులిసిన పాలు దొరుకుతాయి, మజ్జిగన్నానికి సరిపోతుంది. కరివేపాకు మాత్రం పెద్ద ఊళ్లలో, భారతీయులున్న చోట్ల వెతకాలి.

అయితే రోజూ ఇంట్లో మన వంటే తింటే ఆ ఊరు మీకు దగ్గర కాదు. మధ్యాహ్నం తోటి ఉద్యోగులతో కూర్చుని 'ఉగాలి' తినండి. మొక్కజొన్న పిండితో చేసే గట్టి సంకటి అది. చేత్తో చిన్న ముద్ద చేసి, మధ్యలో బొటనవేలితో గుంట చేసి, కూర అద్దుకుని తింటారు. కుడిచేత్తో తినడం, తినే ముందు చేతుల మీద నీళ్లు పోయించుకోవడం మనకు తెలిసిన మర్యాదలే. శాకాహారులు "సిలి న్యామా, సమాకి వాలా కుకు" అనే ముక్క నేర్చుకోండి: మాంసం, చేప, కోడి తినను అని. ఒక్క 'న్యామా' తిననంటే చేప పెట్టేస్తారు. ఆకుకూరల్లో కూడా ఎండు చేపలు వేసే అలవాటుంది కాబట్టి 'దగా' ఉందా అని అడగండి. గుడ్డు తినేవాళ్లకు ఎక్కడికెళ్లినా 'చిప్సి మయాయి' దొరుకుతుంది, ఆలుగడ్డ ముక్కల మీద వేసిన ఆమ్లెట్.

7. పలకరింపులు, మన చూపు

అక్కడ పని కంటే పలకరింపు ముందు. పెద్దవాళ్లు కనిపిస్తే "షికమో" అనాలి, వాళ్లు "మరహబా" అంటారు. తోటివాళ్లను "హబారి" అని మొదలుపెట్టి ఇల్లు, పని, పొద్దున ఎలా గడిచాయో అడగాలి. ఎవరింటికైనా వెళ్తే గుమ్మం బయటే నిలబడి "హోడి" అనాలి, "కరిబు" అన్నాకే లోపలికి అడుగు పెట్టాలి. ఎవరికైనా దెబ్బ తగిలినా, అలసిపోయినట్టు కనిపించినా "పోలే" అంటారు. ఇవేమీ లేకుండా ఆఫీసులోకి వెళ్లి నేరుగా ఫైలు అడిగితే మీరు కోపంగా ఉన్నారనుకుంటారు.

తీరంలోనూ జాంజిబార్‌లోనూ ముస్లింలు ఎక్కువ. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోండి, రంజాన్ నెలలో పగలు నలుగురి ముందు తినకండి. పాతబస్తీ తెలిసినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. మనుషుల ఫొటోలు అడిగి తీయండి. ప్రభుత్వ భవనాలు, వంతెనలు, పోలీసుల ఫొటోలు అసలు తీయకండి.

మిమ్మల్ని 'ఎంహిందీ' అంటారు, అంటే భారతీయులు అని. తరతరాలుగా అక్కడ వ్యాపారం చేస్తున్న గుజరాతీల వల్ల భారతీయులంటే దుకాణం యజమాని, డబ్బున్నవాళ్లు అనే అభిప్రాయం ఉంది. ఆ దూరం మాటలతో తగ్గదు. రోజూ 'దలదల' వ్యానులో వాళ్ల పక్కన కూర్చుని వెళ్లాలి, పెళ్లికీ చావుకీ వెళ్లాలి, స్వాహిలీ తప్పులతోనైనా మాట్లాడాలి.

ఇంకొక మాట సూటిగానే రాయాలి. నల్లటి ఒంటి రంగు గురించి మన ఇళ్లలో మాట్లాడే మాటలు మంచివి కావు. అవే మాటలు వీడియో కాల్‌లో ఇంటివాళ్లతో తెలుగులో అనేస్తుంటారు, ఎవరికీ అర్థం కాదులే అనుకుని. గొంతూ చూపూ అర్థం కావడానికి భాష అక్కర్లేదు. పక్క గదిలో మీ కోసం వంట చేస్తున్నవాళ్ల గురించి వాళ్ల ముందు అనలేని మాట తెలుగులోనూ అనకండి. ఇంట్లోవాళ్లు అంటే అక్కడే ఆపండి.

8. ఆఫీసులో మొదటి నెల

మొదటి నెల కొత్త ప్రాజెక్టు ఏదీ మొదలుపెట్టకండి. ఉన్న పని ఎలా నడుస్తోంది, ఎవరి మాట ఎవరు వింటారు, ఇంతకుముందు వచ్చిన వాలంటీర్ మొదలుపెట్టి వెళ్లిపోయిన పని ఏమైంది అన్నవి అడిగి రాసుకోండి. మూలన పడి ఉన్న కంప్యూటర్లు, తాళం వేసిన లైబ్రరీ గది చాలా చోట్ల కనిపిస్తాయి. అవి ఎందుకు ఆగిపోయాయో తెలుసుకుంటే మీ పని మీరు వచ్చేశాక కూడా నిలబడుతుంది. మీతో కలిసి పనిచేసే స్థానిక ఉద్యోగిని ప్రతి మీటింగుకూ తీసుకెళ్లండి, ఆ పని చివరికి వాళ్ల చేతుల్లోనే ఉండాలి. మీటింగులో మిమ్మల్ని కాదనకపోయినంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు, తర్వాత విడిగా అడగండి.

నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లకు ప్రత్యేకంగా: వాడిన సూది గుచ్చుకుంటే హెచ్ఐవీ రాకుండా వాడే మందులు వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితుల్లోనూ 72 గంటల్లోపు మొదలుపెట్టాలి. అవి మీ ఊళ్లో ఎక్కడ దొరుకుతాయో చేరిన రోజే అడగండి.

రాకపోకల విషయంలో, 'బోడబోడ' అనే మోటార్‌సైకిల్ టాక్సీలను చాలా సంస్థలు తమ వాలంటీర్లకు నిషేధించాయి. నిషేధం లేకపోయినా హెల్మెట్ లేకుండా ఎక్కకండి, రాత్రి అసలు వద్దు. చీకటి పడ్డాక తెలిసిన బజాజీ డ్రైవర్‌కు ఫోన్ చేసి పిలిపించుకోండి.

9. మనసు దిగాలుపడే రోజులు

మొదట్లో అంతా కొత్తగా, బాగుంటుంది. ఆ కొత్తదనం పోయాక ఒక దశ వస్తుంది. వాన కురుస్తుంటుంది, కరెంటు ఉండదు, ఆఫీసులో పని కదలదు, ఎందుకొచ్చానా అనిపిస్తుంది. మార్చి నుంచి మే వరకు పెద్ద వానల కాలం, అప్పుడు ఇది ఇంకాస్త గట్టిగా తగులుతుంది. ఇది దాదాపు అందరికీ వస్తుంది, వచ్చినంత మాత్రాన మీరు ఆ పనికి తగరని అర్థం కాదు. ఆ వారాల్లో వెనక్కి వెళ్లిపోవాలనే నిర్ణయం తీసుకోకండి. నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం రెండు వారాలు దాటితే మాత్రం ఊరుకోకుండా మీ సంస్థలో చెప్పి కౌన్సెలర్‌తో మాట్లాడండి.

ఇంటికి ఫోన్ ఎలా చేస్తారన్నది ఇక్కడ చాలా ముఖ్యం. మన టైమ్ వాళ్లకంటే రెండున్నర గంటలు ముందు. మీరు ఆరింటికి ఇంటికి చేరేసరికి ఇక్కడ ఎనిమిదిన్నర, అమ్మానాన్న అన్నం తినే వేళ. రోజూ గంటలకొద్దీ మాట్లాడితే మీ సాయంత్రాలన్నీ హైదరాబాద్‌లోనే గడుస్తాయి, పక్కింటివాళ్ల పేర్లు కూడా తెలియవు. వారంలో రెండు మూడు రోజులు ఫలానా టైముకు చేస్తానని ముందే చెప్పండి, మిగతా రోజుల్లో క్షేమమని ఒక మెసేజ్ చాలు. సిగ్నల్ లేకపోతే ఒక రోజు ఆలస్యం కావచ్చని కూడా ముందే చెప్పండి, లేకపోతే ఇక్కడ ఇంటిల్లిపాదికీ టెన్షన్.

పెద్ద ఊళ్లలో తెలుగువాళ్లు కలుస్తారు. ఉగాదికో సంక్రాంతికో వెళ్లండి, కడుపు నిండా తినండి. ప్రతి ఆదివారం అక్కడే గడపడం మాత్రం మొదటి మూడు నెలల్లో వద్దు. ఆ ఆదివారాలు ఊళ్లో ఫుట్‌బాల్ ఆటకో, తోటి ఉద్యోగి ఇంటికో, చర్చి కోయిర్ వినడానికో ఇవ్వండి. అలా పరిచయమైనవాళ్లే మీకు జ్వరం వచ్చిన రాత్రి బండి తెస్తారు.

10. తిరిగొచ్చాక

ఎల్లో ఫీవర్ కార్డు పాస్‌పోర్టుతో పాటు చేతి సంచిలో పెట్టుకోండి, శంషాబాద్‌లో దిగగానే అడగొచ్చు. మలేరియా మాత్రలు ఇంటికొచ్చేశాం కదా అని ఆపకండి, చెప్పిన రోజుల లెక్క పూర్తి చేయండి. సరస్సులో ఎప్పుడైనా దిగి ఉంటే, మూడు నెలలు గడిచాక బిల్హార్జియా పరీక్ష చేయించుకోండి, దానికి ప్రాజిక్వాంటెల్ అనే మంచి మందు ఉంది. తిరిగొచ్చిన ఏడాదిలోపు ఎప్పుడు జ్వరం వచ్చినా, ముఖ్యంగా మొదటి మూడు నెలల్లో, డాక్టర్‌తో మొదట చెప్పాల్సిన మాట ఆఫ్రికా నుంచి వచ్చానని. ఆ మాట చెప్పకపోతే ఇక్కడి డాక్టర్లు ముందు వైరల్ జ్వరంగానే చూస్తారు. నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి వెళ్లినా, మీ వీధి చివరి క్లినిక్‌కు వెళ్లినా, ఏ దేశంలో ఎప్పటి నుంచి ఎప్పటి వరకు ఉన్నారో, ఏ మాత్రలు వాడారో ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లండి, మలేరియా పరీక్ష అదే రోజు చేయమని అడగండి.